తెలుపు తెలుపవలెను

కల్వర్టు పసుపుపచ్చగా ఉందని ఫైలు వెనక్కి వచ్చింది.

భానుమూర్తి కాగితాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు. ఇంకో ఫైలు తాలూకు జవాబు పొరపాటున దీనికి కుట్టారేమోనని చిన్న ఆశ. కాదు, నంబరు సరిగ్గానే ఉంది. స్లాబు కూలిందని రాశాడు, కడ్డీలు బయటికొచ్చాయని రాశాడు, మధ్యలో మనిషి పట్టేంత కన్నం ఉందని రాశాడు. జవాబులో ఆ ఊసే లేదు.

"సమర్పించిన ఛాయాచిత్రమందు కల్వర్టు పసుపుపచ్చ వర్ణంలో గోచరించుచున్నది. కల్వర్టులు బూడిద వర్ణంలో ఉండుట పరిపాటి. కావున ఇది కల్వర్టు అగునో కాదో నిర్ధారించి పునఃసమర్పించునది."

అవమానం ఎక్కడంటే, ఆ జవాబు పంపింది ఆయన ఆఫీసే. కింద సంతకం చేసిన సూపరింటెండెంట్ ఫణీంద్రం కూర్చునేది ఆయన ఎదురు బల్ల దగ్గరే. రోజూ మధ్యాహ్నం ఆయన క్యారియర్లోంచి దోసకాయ పచ్చడి వేయించుకునేదీ అతనే.

రాష్ట్ర దృశ్య ధ్రువీకరణ శాఖ సంగతి తెలియనివాళ్ళకి రెండు ముక్కలు. ప్రభుత్వ ఆస్తి ఏది విరిగినా, అది విరిగిందని ఈ శాఖ ఫొటో తీసి ఒప్పుకోవాలి. బాగుచేశాక, బాగైందని ఇంకో ఫొటో తీసి ఒప్పుకోవాలి. ఈ రెండు ఫొటోల మధ్య దొరికిన ఖాళీలో ఇంజనీర్లు తమ పని చేసుకోవచ్చు. ఆ ఆఫీసులో 'తీయడం' అనే మాటకు ఒకటే అర్థం. రోడ్డు తీశారా, వంతెన తీశారా, నీళ్ళ ట్యాంకు తీశారా అని పొద్దస్తమానం అడుగుతుంటారు. ఒకసారి ఎవరో వరండాలో నిలబడి ఫోన్లో "చైర్మన్ గారిని తీసేశారా?" అని గట్టిగా అడిగితే, పక్క ఆఫీసులో మిఠాయిలు పంచుకున్నారు.

అలాంటి శాఖలో భానుమూర్తి సహాయ సంచాలకుడు. ఆయనకు ఆస్తిపాస్తుల్లేవు గానీ తన వాక్యం మీద గర్వం మాత్రం దండిగా ఉంది. ఎవరి ఫైలుకు మంచి తెలుగు కావలసినా ఆయన దగ్గరికే వచ్చేవారు. రాసి ఇచ్చేముందు తన వాక్యం తనే చదువుకుని, తనే తలూపి, తనే "బాగుంది" అనుకునేవాడు. ఇంట్లో తెలుగు టీచరు ఉన్నా ఆవిడకు చూపించేవాడు కాదు. ఆవిడ ఎర్ర పెన్ను అంటే భయం.

ఆ టీచరు పేరు హైమవతి. ఆయన భార్య. కూలిన కల్వర్టు వాళ్ళ వీధి చివరే. దానికి అవతల ఆవిడ పనిచేసే హైస్కూలు. రోజూ పొద్దున్న ఆవిడ అక్కడ స్కూటీ దిగి, స్లాబులో మిగిలిన సన్నటి అంచు మీద దాన్ని నడిపించుకుంటూ పోతుంది. వెనకాల పిల్లలు ఒకళ్ళ చొక్కా ఒకళ్ళు పట్టుకుని వరసగా దాటతారు.

"ఏమన్నారు?" అని అడిగింది ఆ సాయంత్రం.

"పసుపుపచ్చగా ఉందట."

"ఏది?"

"కల్వర్టు."

హైమవతి కాఫీ గ్లాసు కింద పెట్టింది. "వానలు వచ్చాయంటే ఆ అంచు కూడా మిగలదు. నేను పడితే ఎర్రగానే ఉంటాను లెండి. ఎరుపుకేమైనా అభ్యంతరం ఉందేమో ముందే కనుక్కోండి."

"అవేం మాటలు హైమా. ఈ నెలలో చేయించేస్తానుగా."

"'ఈ నెల' అన్న మాటలో సుఖం అదే. ఏ నెలలో అన్నా సరిపోతుంది."

పౌరుషం వచ్చింది భానుమూర్తికి. ఫొటో తీసింది సాయంత్రం, వీధి దీపం కింద. దీపం పసుపు కాబట్టి కల్వర్టు పసుపు. దీనికి విరుగుడేమిటని కంప్యూటరు ముందు కూర్చుని వెతికాడు. దొరికింది. ఒక తెల్లటి ప్లాస్టిక్ మూత. కెమెరా కంటికి బిగించేది. తెప్పించుకుని, అది రాగానే ముచ్చటపడి, పాల పీకలా అటూ ఇటూ తిప్పి చూసుకుని, జేబులో వేసుకుని ఆఫీసుకు వెళ్ళాడు.

తన కొంపకు తనే నిప్పు పెట్టుకోబోతున్నానని ఆయనకు ఆ క్షణాన తెలియదు.

కమిషనర్ పరాంకుశం గారు కొత్తది ఏది చూసినా కళ్ళు మెరిసే మనిషి. ఆయన గదిలో గోడంత తెర ఒకటి ఉంది. రాష్ట్రం నలుమూలల నుంచి వచ్చే ఫొటోలు అందులో గడులు గడులుగా కనిపిస్తుంటాయి. భానుమూర్తి మూతను బల్ల మీద పెట్టాడు.

"ఏమిటిది? డబ్బా మీదదా?"

"కెమెరాది సార్. మన కంటికి ట్యూబులైటు కిందైనా వీధి దీపం కిందైనా తెల్ల కాగితం తెల్లగానే కనిపిస్తుంది. కెమెరాకు ఆ తెలివి లేదు. ఈ మూత పెట్టి, వెలుతురు వైపు తిప్పి ఒక ఫొటో తీస్తే, ఇక్కడ తెలుపంటే ఇదీ అని దానికి తెలుస్తుంది. తర్వాత మూత తీసేసి మామూలుగా తీసుకోవడమే. రంగులు ఉన్నవి ఉన్నట్టు వస్తాయి."

కమిషనర్ గారు కుర్చీలో ముందుకు వంగారు. "అంటే, తెలుపు అంటే ఏమిటో తెలియని కెమెరాలతోనా మనం ఇన్నాళ్ళు రాష్ట్రాన్ని ధ్రువీకరించాం?"

ఆ ప్రశ్నలో బాధ ఉంది. భానుమూర్తి తన తప్పే అన్నట్టు తల దించుకున్నాడు.

"ప్రతి కెమెరాకూ మూత ఉండాల్సిందే. రాష్ట్రమంతటికీ తెప్పించండి. ఉత్తర్వు మీరే రాయండి. ఇంగ్లీషు మాట ఒక్కటి కనిపించకూడదు."

ఆ మాట కోసమే పుట్టినట్టు భానుమూర్తి రాసుకొచ్చాడు. రెండే వాక్యాలు.

"చిత్రము తీయుటకు ముందు తెల్లమూత బిగించి, కాంతికి అభిముఖముగా ఒక చిత్రము తీసి, కెమెరాకు తెలుపు తెలుపవలెను. పిమ్మట మూత తీసి చిత్రము తీయవలెను."

తనే చదువుకున్నాడు. తనే తలూపుకున్నాడు. 'తెలుపు తెలుపవలెను' దగ్గరికొచ్చేసరికి ఒళ్ళు పులకరించింది.

కమిషనర్ గారు పెన్సిలు తీశారు. పక్కన ఫణీంద్రం నిలబడ్డాడు.

"ఇదేమిటి, తెలుపు తెలుపవలెను? ఒకే మాట రెండుసార్లు."

"మొదటిది రంగు సార్. రెండోది తెలియజేయడం."

"చదివేవాడికి అంత ఓపికుండాలిగా. ఒకటి చాలు." ఒక తెలుపు పోయింది. "కెమెరాకు తెలుపవలెను అంటే, మన గెజిటెడ్ ఆఫీసరు కెమెరాకు రిపోర్టు చెయ్యాలా?"

"పద్ధతి కాదు సార్" అన్నాడు ఫణీంద్రం.

కెమెరా పోయింది. కాంతికి అభిముఖంగా అంటే విద్యుత్ శాఖ వాళ్ళతో సంప్రదింపులు జరపాలన్నాడు ఫణీంద్రం. కాంతి కూడా పోయింది. ఇక రెండో వాక్యం.

"తీసి తీయవలెను. మళ్ళీ రెండుసార్లు. మీకిది అలవాటులా ఉందే. పైగా మూత తీసేయమని మనమే ఎలా రాస్తాం? తీసేసేదానికి ఎందుకు తెప్పించారని రేపు ఆడిట్ వాళ్ళు అడగరూ?"

రెండో వాక్యం మొత్తం పోయింది. అది పోయాక మొదట్లోని 'చిత్రము తీయుటకు ముందు' కూడా దండగన్నారు. మిగిలింది ఇది: "తెల్లమూత బిగించి చిత్రము తీసి తెలుపవలెను."

భానుమూర్తి దాన్ని ఇంకోసారి చదివాడు. సార్, అర్థమే మారిపోయింది అనబోయాడు. నోరు తెరిచాడు కూడా. సరిగ్గా అప్పుడే కమిషనర్ గారు "ఈ ఉత్తర్వు మీ పేరు మీదే వెళ్తుంది భానుమూర్తి గారూ. సంస్కరణ మీది" అన్నారు.

తెరిచిన నోరు అలాగే మూసుకుంది. రాష్ట్రంలో ఆ మూత మొట్టమొదట బిగుసుకున్నది ఆయన నోటికే.

వారం తిరక్కుండా గోడ తెర తెల్లబడిపోయింది.

రోడ్లు తెలుపు. ఆసుపత్రులు తెలుపు. బడులు, బావులు, బస్టాండ్లు అన్నీ తెలుపు. గడికీ గడికీ మధ్య గీత తప్ప ఇంకేం లేదు. గుమ్మంలోంచి అది చూశాడు భానుమూర్తి. పరుగున లోపలికి వెళ్ళాడు.

"సార్, ఫొటోల్లో ఏమీ లేదు."

"పసుపు ఉందా?" అన్నారు కమిషనర్ గారు తెర మీంచి చూపు తిప్పకుండా.

"లేదు సార్."

"నీలిరంగు ఛాయ?"

"లేదు సార్. అసలు—"

"మచ్చ? మరక? చీకటి?"

"ఏవీ లేవు సార్."

"మరి దేనికండీ కంగారు? నేనీ కుర్చీలోకి వచ్చాక ఒక్క ఫైలు కూడా వెనక్కి పంపని వారం ఇదే." కమిషనర్ గారు ఒక గడి వైపు వేలు చూపించారు. "చూడండి, ఆ రోడ్డు చూడండి. ఒక్క గుంట కనిపిస్తోందా?"

భానుమూర్తి చూశాడు. నిజమే. ఒక్క గుంట కూడా లేదు.

ఆ సంస్కరణ అంత తొందరగా జనామోదం పొందుతుందని ఎవరూ అనుకోలేదు. గోతుల గురించి అర్జీలు పెట్టినవాళ్ళకి ఫొటోలు చూపించి పంపేస్తున్నారు. దోమలున్నాయన్న కాలనీకి ఫొటో తీస్తే ఒక్క దోమ లేదు. పైకప్పు కారుతోందన్న హాస్టలుకు తీస్తే చుక్క నీరు లేదు, పైకప్పూ లేదు గానీ దాని గురించి ఎవరూ అర్జీ పెట్టలేదు. జిల్లా అధికారులు కెమెరాలను కళ్ళకద్దుకున్నారు.

ఇందరిలోకీ సుఖపడ్డవాడు శాఖ ఫొటోగ్రాఫర్ మస్తాన్. మునుపు ఎండనపడి ఊళ్ళు తిరిగేవాడు. ఇప్పుడు ఆఫీసు ఎదురుగా టీ కొట్టు బెంచీ మీద కూర్చుని, గ్లాసు పక్కన పెట్టి, ఒక్కొక్క జిల్లా పూర్తి చేస్తున్నాడు.

"మస్తాన్, కనీసం ఆ చోటికైనా వెళ్ళి తియ్యవయ్యా" అన్నాడు భానుమూర్తి.

"ఎళ్తే తేడా ఏం వస్తది సార్? మొన్న డ్యాము దాకా ఎళ్ళి తీశా. బెంచీ మీదే తెల్లగా వచ్చింది. అక్కడ కొద్దిగా మబ్బేసింది." టీ ఊదుకుని, "మీరు సల్లగుండాలి సార్. మా ఆవిడ మీ పేరు మీద పూజ చేయిస్తానంటంది" అన్నాడు.

ఫణీంద్రం ఊరుకోలేదు. కంప్యూటరుకు 'శ్వేతత పరీక్ష' అని ఒకటి పెట్టించాడు. ఫొటోలో నూటికి తొంభై పాళ్ళు తెలుపు లేకపోతే, మనిషి ప్రమేయం లేకుండా అదే వెనక్కి పంపేస్తుంది. మెల్లమెల్లగా ఆఫీసులో తెలుపును చూసి గుర్తుపట్టే నేర్పరులు తయారయ్యారు. "ఇది పంచాయతీరాజ్ తెలుపు. ఆర్ అండ్ బీ వాళ్ళది ఇంత చిక్కగా ఉండదు" అని గుమస్తాలు పందేలు కాసేవారు. మంత్రిగారు ఒకసారి వచ్చి గోడ తెర ముందు చాలాసేపు నిలబడ్డారు. ఒక గడి చూపించి "ఇదేమిటి?" అన్నారు. కాలువల ఆధునికీకరణ అన్నారు కమిషనర్ గారు. "నీళ్ళు ఎంత స్వచ్ఛంగా ఉన్నాయండీ" అని మంత్రిగారు మెచ్చుకుని వెళ్ళారు.

ఈ సందడిలో భానుమూర్తి కల్వర్టు ఫైలు మళ్ళీ కదిలింది. ఆయన కదపలేదు. మస్తానే అభిమానం కొద్దీ టీ కొట్టు బెంచీ మీంచి దాన్ని కూడా తీసేశాడు. మర్నాడు ఫణీంద్రం లేచొచ్చి కరచాలనం చేశాడు.

"కంగ్రాచ్యులేషన్స్ సార్. మీ కల్వర్టు పాసయింది. 'లోపములు కానరాలేదు, మరమ్మతు అవసరము లేదు.' నేనే సంతకం పెట్టాను."

ఈ కబురు ఇంటికి మోసుకెళ్ళడం ఎలాగో భానుమూర్తికి పాలుపోలేదు. భోజనాల దగ్గర నసుగుతూ చెప్పాడు.

"బాగుందటనా?" అంది హైమవతి.

"ఫొటోలో."

"అయితే రేపట్నుంచి పిల్లల్ని ఫొటో మీంచి దాటిస్తాను." చారు వడ్డిస్తూ, "ఇంతకీ ఈ మూత ఆలోచన ఎవరిదండీ?" అని అడిగింది.

ఆయన అన్నంలో తల పెట్టి "శాఖాపరంగా జరిగింది" అన్నాడు.

ఒక ప్రయత్నం చేయకపోలేదు. మర్నాడు పొద్దున్నే సొంత కెమెరా పట్టుకెళ్ళి, పద్ధతి ప్రకారం మూత పెట్టి, తీసి, కల్వర్టును ఉన్నది ఉన్నట్టు తీశాడు. బూడిద రంగు బూడిద రంగులా వచ్చింది. తుప్పు తుప్పులా వచ్చింది. కన్నం చూస్తే భయమేసింది. అంత మంచి ఫొటో ఆయన జన్మలో తీయలేదు. కంప్యూటరు రెప్పపాటులో తిప్పికొట్టింది. వెనకే మెమో వచ్చింది: "సదరు అధికారి తాను జారీ చేసిన ఉత్తర్వును తానే ఉల్లంఘించి, మూత లేకుండా వాస్తవమును చిత్రించినట్లు దృష్టికి వచ్చినది. సంజాయిషీ ఇవ్వవలెను." సంజాయిషీ రాయడానికి మంచి తెలుగు కావాల్సొచ్చి, అలవాటు చొప్పున ఆ పని కూడా ఆయనకే వచ్చింది. చక్కటి వాక్యాల్లో తననే తను చీవాట్లు పెట్టుకున్నాడు.

ఆ తర్వాతి వారం శాఖ వార్షిక పోటీల ఫలితాలు వచ్చాయి. అత్యుత్తమ శ్వేత చిత్రం విభాగంలో ప్రథమ బహుమతి భానుమూర్తి వీధి కల్వర్టుకు వచ్చింది.

"ఆ కల్వర్టును స్వయంగా చూడాలి" అన్నారు కమిషనర్ గారు.

మర్నాడు పొద్దున్న తొమ్మిదింటికల్లా రెండు కార్లు వీధి చివర ఆగాయి. ఎప్పుడూ లేనిది మున్సిపాలిటీ వాళ్ళు ముగ్గు చల్లారు. హైమవతి, బడి పిల్లలు అవతలి గట్టున నిలబడి చూస్తున్నారు. మస్తాన్ కెమెరాను చేతిలో పట్టేంత తెరకు తగిలించి, మూత బిగించి, కమిషనర్ గారి చేతికిచ్చాడు. కమిషనర్ గారు కారు దిగింది మొదలు ఆ తెరలోనే చూస్తున్నారు.

"అద్భుతం. ఎంత నునుపుగా ఉందండీ. భానుమూర్తి గారూ, మీరు ముందు నడవండి. మీ వెనకే వస్తాం."

"సార్, అక్కడ—"

"మొహమాటమా? సంస్కర్త ముందుండాలి."

భానుమూర్తి అవతలి గట్టు వైపు చూశాడు. హైమవతి వద్దన్నట్టు చెయ్యి ఊపుతోంది. అంచు మీద నడిస్తే సరిపోతుందిలే అనుకున్నాడు. కానీ కమిషనర్ గారు వెనక నుంచి "ఇటు తిరగండి, బహుమతి గ్రహీతగా మీ ముఖం పడాలి" అన్నారు. మూత ఉన్న కెమెరాలో ఏ ముఖమూ పడదని ఆయనకు తెలుసు. తెలిసీ తిరిగాడు. తిరిగి, చిరునవ్వు నవ్వి, జుట్టు సర్దుకుని, ఒక అడుగు వెనక్కి వేశాడు.

ఆ అడుగుకు కింద ఏమీ దొరకలేదు.

"భానుమూర్తి గారూ?" తెరలోంచి తల ఎత్తకుండానే అన్నారు కమిషనర్ గారు. "ఎటు వెళ్ళారు?"

"కల్వర్టులో ఉన్నాను సార్" అని కిందినుంచి వినిపించింది.

"మీదనా, పక్కనా?"

"లోపల సార్."

కమిషనర్ గారు తెరలో అటూ ఇటూ వెతికారు. "లోపల అనేది ఇందులో ఎక్కడా లేదే" అన్నారు ఫణీంద్రంతో. ఫణీంద్రం కూడా తొంగిచూసి, లేదు సార్ అని ధ్రువీకరించాడు. ఈలోగా హైమవతి చీర చెంగు బిగించి అవతలి వైపు నుంచి కాలువలోకి దిగింది.

ఎడమ కాలు విరిగింది. తొడ దాకా సిమెంటు కట్టు కట్టారు.

సెలవు కావాలంటే గాయం ఫొటో పంపాలన్నారు. మస్తాన్ ఆసుపత్రికొచ్చి, కళ్ళనీళ్ళు పెట్టుకుని, మూత బిగించి తీసుకెళ్ళాడు. సాయంత్రానికి జవాబు వచ్చింది: "గాయము కానరాలేదు. విధులకు హాజరు కావలెను."

హైమవతి ఆ కాగితం రెండుసార్లు చదివింది. తర్వాత మంచం మీదున్న కాలు వైపు చూసింది. చాలాసేపు చూసింది.

"ఏమండీ, మీ కంప్యూటరుకు కావలసింది తెల్లగా ఉండటమేనా? ఇంకేమీ అక్కర్లేదా?"

"తొంభై పాళ్ళు తెలుపుంటే చాలు. అదేమిటో అడగదు."

"మీ కాలు తెల్లగానే ఉందిగా."

భానుమూర్తి దుప్పటి తీసి చూసుకున్నాడు. పెళ్ళయిన ఇన్నేళ్ళలో ఆవిడ తన కాలిని మెచ్చుకోవడం ఇదే మొదలు.

మర్నాడు డిశ్చార్జి కాగానే ఆటోను ఇంటికి పోనివ్వలేదు హైమవతి. తిన్నగా కల్వర్టు దగ్గరికి పోనిచ్చింది. గట్టు మీద కుర్చీ వేయించి ఆయన్ని కూర్చోబెట్టి, ఆ కాలు బారజాపించింది. ఆయన చెప్పినట్టే ఆయన సొంత కెమెరాకు మూత పెట్టి, సూర్యుడి వైపు తిప్పి, తెలుపేమిటో దానికి చెప్పింది. తర్వాత మూత తీసింది. కట్టు దాదాపు ఫొటో అంతా ఆక్రమించేలా దగ్గరికి జరిగి, పై మూలన మాత్రం కన్నం, కడ్డీలు, అంచు మీద స్కూలు సంచి పట్టుకుని దాటుతున్న ఒక పాప కాళ్ళు పడేలా చూసుకుని నొక్కింది.

పంపిన నిమిషంలో జవాబు వచ్చింది. "శ్వేతత సంతృప్తికరము. ఆమోదించడమైనది."

ఆ మధ్యాహ్నమే పిలుపు వచ్చింది. చంకకర్రల మీద భానుమూర్తి లోపలికి వెళ్ళాడు. గోడంత తెలుపు మధ్యలో ఒకే ఒక్క గడిలో ఏదో ఉంది. అందరూ దాన్నే చూస్తున్నారు. ఎన్నాళ్ళో అయింది వాళ్ళు ఫొటో చూసి.

"ఇదేమిటి?" అన్నారు కమిషనర్ గారు నెమ్మదిగా.

"కాలు సార్."

"ఎవరిది?"

"నాదే సార్."

"ఆ మూలన?"

"కల్వర్టు సార్. ప్రథమ బహుమతిది."

కమిషనర్ గారు లేచి తెర దగ్గరికి వెళ్ళారు. పాప కాళ్ళ మీద వేలు పెట్టారు. వేలికీ కన్నానికీ మధ్య ఎంతో దూరం లేదు. ఆయనకూ పిల్లలున్నారు. వెనక్కి తిరిగినప్పుడు ముఖంలో నెత్తురు లేదు.

"మిగతావన్నీ కూడా ఇలాగే ఉంటాయా?"

"మూత తీస్తే తెలుస్తుంది సార్."

ఫణీంద్రం ఏదో అనబోతే చెయ్యెత్తి ఆపేశారు. అక్కడికక్కడే ఇంజనీర్లకు ఫోన్ చేసి, కాగితాలు తర్వాత చూసుకుందాం, ముందు స్లాబు వేయండి అన్నారు. ఆ గదిలో అలాంటి మాట ఎవరూ వినలేదు. తర్వాత భానుమూర్తి వైపు చూశారు.

"సవరణ ఉత్తర్వు మీరే రాయండి. ఈసారి ఒక్క అక్షరం కూడా ముట్టుకోను. తప్పు నాది."

కుంటుకుంటూనే అయినా ఏనుగెక్కినట్టు తన బల్ల దగ్గరికి వచ్చాడు భానుమూర్తి. కలం తీశాడు. పోయినసారి ఎక్కువ మాటలు రాసి చెడిపోయాను అనుకున్నాడు. ఎక్కువ రాస్తే కొట్టేస్తారు, తికమకపడతారు. ఈసారి చిన్నపిల్లాడికి కూడా అనుమానం రాకూడదు. ఆలోచించి, ఆలోచించి, రెండే రెండు మాటలు రాశాడు. చదువుకున్నాడు. తలూపుకున్నాడు. ఆ సాయంత్రమే రాష్ట్రమంతా వెళ్ళిపోయింది.

ఇంటికొచ్చి, ఇక దాచడమెందుకని, గర్వంగా నకలు హైమవతి చేతికిచ్చాడు. ఆవిడ పరీక్ష పేపర్లు దిద్దుతోంది. ఎర్ర పెన్ను చేతిలోనే ఉంది.

"మూత తీయవలెను" అని పైకి చదివింది. "ఇంతేనా?"

"ఇంతే. ఎలా ఉంది?"

"వాక్యం బాగుంది." నకలు బల్ల మీద పెట్టింది. "ఏమండీ, మీ ఆఫీసులో రోడ్డు తీయడమంటే ఏం చేస్తారు?"

"ఫొటో తీస్తారు."

"వంతెన తీయడమంటే?"

"ఫొటో తీస్తా..." అని ఆగిపోయాడు.

హైమవతి ఎర్ర పెన్నుకు మూత పెట్టి పక్కన పడేసింది. బల్ల మీద ఫోన్ టింగుమంది. ఆయన దాన్ని చూడలేదు. చూడక్కర్లేదు.

తెల్లారేసరికి గోడ తెర నిండా మూతలే. గుండ్రంగా, తెల్లగా, రాష్ట్రంలోని ప్రతి మూతా వచ్చింది. బల్ల మీద పెట్టి తీసినవాళ్ళున్నారు, అరచేతిలో పెట్టి తీసినవాళ్ళున్నారు. ఒక జిల్లా అధికారి అరిటాకులో పెట్టి చుట్టూ పూలు కూడా వేశాడు. ఫణీంద్రం దాన్ని వచ్చే ఏడు పోటీలకు విడిగా పెట్టాడు. కమిషనర్ గారు ఆ ఉదయం నుంచి సెలవు మీద ఉన్నారు.

కల్వర్టుకు మాత్రం స్లాబు పడింది. వానలకు ముందే పడింది. పని పూర్తయినట్టు ఫొటో పంపాలి కాబట్టి మస్తాన్ ఈసారి బెంచీ దిగి వచ్చాడు. కొత్త స్లాబు మీద మూతను అందంగా నిలబెట్టి తీశాడు. భానుమూర్తి వసారాలో కుర్చీలో కాలు చాపుకుని కూర్చుని ఉండగా జవాబు వచ్చింది. హైమవతి స్కూటీ తాళం తీస్తోంది.

"ఏమన్నారు?"

ఆయన చదివి వినిపించాడు. "మూత స్పష్టముగా ఉన్నది. అయితే వెనుక కల్వర్టు గోచరించుచున్నది. దానిని తొలగించి పునఃసమర్పించునది." కాగితం మడిచి, "ఫైలు వెనక్కి వచ్చింది హైమా" అన్నాడు.

"రానివ్వండి." ఆవిడ స్కూటీ ఎక్కింది. చాలా నెలల తర్వాత ఆ వీధి చివర దిగాల్సిన పని లేదు. "స్లాబు వెనక్కి పోదుగా."